తుఫాను తీరం దాటిన తరువాత

(గుమ్మలక్ష్మీపురం ప్రాంత పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



అక్టోబరు, నవంబరు, డిసెంబరు - ఈ మూడు నెలలూ బంగాళాఖాతానికి తుఫానుల కాలం. చేలో వరి పంటకు వచ్చే రోజులూ అవే. ఒక తుఫాను వస్తుంది. “ఫలానా చోట తీరం దాటింది” అని రేడియోలో చెబుతారు. ఆ మాట వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. ఈ రోజు మేము చెప్పదలచినది ఒక్కటే. తీరం దాటడంతో సముద్రపు ఒడ్డువారి గండం తగ్గుముఖం పడుతుంది. మన కొండలకు మాత్రం అసలు గండం అప్పుడే మొదలవుతుంది.

ఎందుకో చూద్దాం. సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వెచ్చగా ఉంటే తుఫాను పుట్టడానికి అనువు. ఆ నీటి ఆవిరే దానికి మేత. నేల మీదికి రాగానే మేత అందదు. కొన్ని గంటల్లో గాలి నెమ్మదిస్తుంది. కాని మేఘాలలో ఉన్న నీరు ఎక్కడికీ పోదు. తూర్పు కనుమలు అడ్డుగా నిలబడితే ఆ తడిగాలి పైకెక్కి, చల్లబడి, వానగా దిగుతుంది. హిమాలయాలలో చలికాలపు గాలులు ఇలాగే పైకెక్కి మంచు కురిపిస్తాయి. ఆ మంచు కొండ మీదే నిలిచి, ఎండలు వచ్చాక మెల్లగా కరుగుతుంది. మన కొండ మీద పడినది నీరు. రాత్రి కురిసినది తెల్లవారేసరికి గెడ్డలో ఉంటుంది.

మన గుమ్మలక్ష్మీపురానికి సముద్రం వంద కిలోమీటర్ల లోపే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి అందరికీ తెలుసు. ఆ తరువాత జరిగినది కొద్దిమందికే గుర్తుంది. సరిహద్దుకు అవతల, గజపతి జిల్లా కొండలలో ఉన్న బరఘరా గ్రామంలో వానకు గుహలో తలదాచుకున్నవారి మీద కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. వంశధార పొంగింది. గాలి వీచినది ఒడ్డున, మనుషులు పోయినది కొండన.

మన నెత్తిన వాన లేకపోయినా వరద రావచ్చు. గుమ్మిడిగెడ్డ, వట్టిగెడ్డ నాగావళిలో కలుస్తాయి. నాగావళి పుట్టినది ఒడిశా కొండలలో. 2017 జులైలో రాయగడ జిల్లాలో కురిసిన కుంభవృష్టికి ఆ నది పొంగి, తెరువలి సమీపంలో రైలు వంతెనే కొట్టుకుపోయింది. అది వానాకాలపు వానే అయినా పాఠం ఒకటే. ఎగువన ఏమి కురిసిందో దిగువనున్నవారు తెలుసుకోవాలి.

“ఈ హెచ్చరికలను నమ్మవచ్చునా?” అని కొందరు అడుగుతూ ఉంటారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు హెచ్చరిక లేకపోలేదు, వినవలసిన ఊళ్ళకు అది అందలేదు. ఇప్పుడు ఉపగ్రహాలు పైనుంచి రాత్రింబగళ్ళు మేఘాలను చూస్తున్నాయి. 1970లోనే విశాఖపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకుతుందని రోజుల ముందే చెప్పారు, అలాగే జరిగింది. అయినా ఒక రోజు ముందు చెప్పిన చోటులో కూడా సగటున డెబ్భై, ఎనభై కిలోమీటర్ల తేడా రావచ్చు. అంటే శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్ళేంత దూరం. కనుక “మా ఊరి పేరు చెప్పలేదు కదా” అని కూర్చోరాదు. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను ఒడ్డుకు రాకముందే సముద్రంలో బలహీనపడింది. అప్పుడు గడ్డి కప్పుకున్నవారికి పోయినదేమీ లేదు. ఆ గడ్డి వారికే మిగిలింది.

వాతావరణ శాఖవారు నాలుగు దశలలో సూచనలు ఇస్తారు. మొదటిది సుమారు మూడు రోజుల ముందు, రెండవది 48 గంటల ముందు, మూడవది 24 గంటల ముందు. నాలుగవది తీరం దాటడానికి 12 గంటల ముందు వస్తుంది. తీరం దాటిన తరువాత తుఫాను ఎటు పోతుంది, లోపలి జిల్లాలలో వాన ఎలా ఉంటుంది అన్నది అందులో ఉంటుంది. మనకోసం వచ్చే సూచన ఇదే. మనం రేడియో కట్టేసే సమయానికి వచ్చేదీ ఇదే. దయచేసి ఇకమీదట నాలుగవ సూచన వినకుండా రేడియో కట్టవద్దు.

రంగులు కూడా గుర్తుపెట్టుకోండి. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగమని. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అంటారు. మిల్లీమీటర్లు మన లెక్కలో చెప్పుకుందాం. వంద మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీద పడే నీరు నాలుగు లక్షల లీటర్లు. మన నలభై లీటర్ల పాల క్యాన్లలో పోస్తే పదివేల క్యాన్లు. ఒక కొండవాలు మొత్తం మీద ఎంత నీరు దిగుతుందో మీరే ఊహించండి.

ఇక చేయవలసిన పనులు.

1. మొదటి సూచన రాగానే మూడు నాలుగు రోజులకు సరిపడా గడ్డి, దాణా ఎత్తైన చోట పెట్టి టార్పాలిన్ కప్పండి. పాల శీతల కేంద్రం ఉన్న సంఘం జనరేటరుకు డీజిలు చూసుకోవాలి.

2. రెండవ సూచనతో గెడ్డ ఒడ్డునా, చరియ కిందా ఉన్న సాలల నుంచి పశువులను వేరే చోటికి తోలండి. పాల వాహనం ఏ రోజు రాదో కార్యదర్శి ముందే కనుక్కొని కొండమీది గూడలకు కబురు చేయాలి. ఫోను అందని గూడకు మనిషినే పంపాలి. సంఘం పుస్తకాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టండి.

3. మూడవ సూచన తరువాత పశువులను మేతకు తోలవద్దు, చెట్టు కింద కట్టవద్దు. నీరు సాలలోకి వచ్చేలా ఉంటే పలుపులు విప్పేయండి. విప్పిన పశువు మెట్టకు చేరుకోగలదు, కట్టిన పశువు అక్కడే మునుగుతుంది. వాహనం రాని పూట పాలు కాచి తోడు పెట్టండి, వెన్న తీసి నెయ్యి చేసుకోండి. నిలవ పాలను మరునాటి పాలలో కలిపి తేవద్దు. ఒకరి పాలు విరిగితే క్యాను మొత్తం పోతుంది.

4. తీరం దాటిన తరువాత రెండు రోజులపాటు పొంగిన గెడ్డ దాటవద్దు.

5. వాన వెలిశాక బూజు పట్టిన గడ్డి వేయవద్దు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించి ఉండాలి. పశువు జబ్బుపడితే 1962కు ఫోను చేయండి. తుఫాను వెనుక చలి, పొగమంచు వస్తాయి. దూడల కింద పొడి గడ్డి పరచి, మీద గోనె కప్పండి.

నాలుగవ పని గురించి ఒక మాట. నడుము లోతు నీటిలో నెత్తిన క్యాను పెట్టుకొని గెడ్డ దాటేవారు ఆ పని ధైర్యం చూపడానికి చేయరు. పాలు పోయని రోజులు లెక్కలోకి వస్తే బోనసు తగ్గుతుందేమోనని భయం. ఆ భయం తీర్చడం సంఘం చేతిలో ఉంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజులను, ఆ తరువాతి రెండు రోజులను గైర్హాజరు కింద లెక్కించరాదని మీ మహాజనసభలో తీర్మానం చేసుకోండి. తుఫానుల కాలం రాకముందే ఆ తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి. పోయిన పాలు మరునాడు మళ్ళీ పితుక్కోవచ్చు. పితికే చేతులను కాపాడుకోవడమే సహకారం.