కాంటా దగ్గర నిలబడ్డట్టే ఓటు దగ్గరా నిలబడదాం

(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఏ ఊరికి పోయినా మనకు వినపడే మాట ఒకటే. "ఓటేసి ఏం లాభం? ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుందట." ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయొద్దు. గోదావరి ఒడ్డున ఈ అపనమ్మకానికి పెద్ద కారణమే ఉంది. అయితే అది మిషన్ దగ్గర పుట్టింది కాదు.

2014 ఏప్రిల్ 30 గుర్తు చేసుకోండి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు, భద్రాచలం మండలాల జనం ఖమ్మం జిల్లా ఓటర్లుగా వరుసలో నిలబడ్డారు. రాబోయే తెలంగాణ శాసనసభకు ఓటేశారు. మే 16న లెక్కింపు అయింది. పదమూడు రోజులకు, మే 29న, ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు పేరుతో భద్రాచలం పట్టణం, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు తప్ప మిగతావన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. జులైలో పార్లమెంటు చట్టం చేసింది.

భద్రాచలంలో గెలిచిన సున్నం రాజయ్య సొంతూరు వి.ఆర్.పురం మండలంలోనే. ఎమ్మెల్యే తెలంగాణ సభలో, ఆయన ఊరు పక్క రాష్ట్రంలో! విభజన తర్వాత ఆ మండలాల జనం ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటేసింది 2019 ఏప్రిల్ 11న. అంటే దాదాపు ఐదేళ్లు, తమను పాలించే ప్రభుత్వాన్ని నిలదీయడానికి తాము ఎన్నుకున్న మనిషి ఆ సభలో లేడు. లెక్కింపు సరిగానే జరిగినా ఓటు విలువ పోయింది.

రాష్ట్రాల హద్దులు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం కోరాలని రాజ్యాంగం 3వ అధికరణ చెబుతుంది. ఊరి జనాన్ని అడగాలని అందులో లేదు. భూసేకరణకు ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టంలో ఉంది. అందుకే గ్రామసభ రిజిస్టర్‌ను మనం ఓటంత జాగ్రత్తగా చూసుకోవాలి. ఏం రాశారో చదివించుకోకుండా సంతకం, వేలిముద్ర పెట్టొద్దు.

ఇక ఓటరు జాబితా. 2018 డిసెంబర్ 7న తెలంగాణలో ఎంతోమంది కార్డు చేతిలో పట్టుకుని పోయి, జాబితాలో పేరు లేక వెనక్కి వచ్చారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారే క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది కానీ ఆ రోజు ఓటు తిరిగి రాలేదు. 2025లో బీహార్ ముసాయిదా జాబితాలో 65 లక్షల పేర్లు లేకుండా పోతే, కారణాలతో సహా ఆ పేర్లు బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. జనం అడిగారు కాబట్టే అక్కడిదాకా వచ్చింది.

మిర్చి యార్డులో మనమేం చేస్తాం? కాంటా మీద అనుమానం ఉందని పంట ఇంట్లో పెట్టుకుంటామా? కాంటా పక్కనే నిలబడతాం. తరుగు ఎందుకు తీశారని అడుగుతాం. తక్‌పట్టీ చేతికి వచ్చేదాకా కదలం. ఓటుకూ తక్‌పట్టీ ఉంది. దాని పేరు ఫారం 17సి. పోలింగ్ ముగిశాక ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, ఉన్న ఏజెంట్లకు ప్రిసైడింగ్ అధికారి ఇవ్వాలి. లెక్కింపు రోజు మిషన్‌లో అంకె దాంతో సరిపోయిందో లేదో చూడాలి. బటన్ నొక్కాక వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. తొందరపడకుండా చూడండి. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు బూత్‌ల చీటీలు లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క అయ్యేదాకా మన ఏజెంట్ హాలు వదలకూడదు. రుజువు లేని పుకారుతో గెలిచినోడికి నష్టం లేదు. కాగితం మీద అంకె చూపించి అడిగితేనే వాళ్లు జవాబు చెప్పాలి.

అందుకని సంఘం ప్రతి ఊరి కమిటీకీ మూడు పనులు అప్పజెబుతున్నది. ముసాయిదా జాబితా రాగానే రచ్చబండ దగ్గర బిగ్గరగా చదవండి. లేని పేరుకు ఫారం 6 పెట్టించండి. పునరావాస కాలనీలకు పోయిన కుటుంబాల చేత ఫారం 8 పెట్టించండి, పాత ఊళ్లో పేరు పోయి కొత్త ఊళ్లో ఎక్కకపోతే వాళ్లు ఎక్కడా ఓటర్లు కారు. ఎవరి పేరైనా తీసేయమని ఫారం 7 వస్తే, నోటీసు ఇచ్చారా, ఆ మనిషి మాట విన్నారా అని అడగండి.

అటు ఒడ్డున ఉన్నా, ఇటు ఒడ్డున ఉన్నా మనది ఒకే నది, ఒకే అడవి, ఒకే కష్టం. మనల్ని అడగకుండా ఇంకోసారి గీత గీయకుండా ఉండాలంటే, అడిగే అలవాటు మన ఊళ్లోనే మొదలవ్వాలి.