మూడో కూటమి ఎవరి వాడల పుట్టాలె?

(వరంగల్‌లో జరిగిన గ్రామ, బస్తీ కార్యకర్తల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట కూలి ఇడిసిపెట్టి వచ్చినోళ్ళు మీలో చానా మంది ఉన్నరు. మడికొండ నుంచి, హసన్‌పర్తి నుంచి, పైడిపల్లి నుంచి వచ్చిండ్రు. పట్నం ఎన్నికల ముచ్చట పల్లెటూరోళ్ళకు ఎందుకని నిన్న ఒక పెద్దాయన మమ్ముల అడిగిండు. ఆయన అడిగింది సక్కటి ప్రశ్న. ఆడనుంచే మొదలు పెడతం.

వరంగల్ చుట్టున్న 42 గ్రామపంచాయతీలను ఎత్తేసి కార్పొరేషన్‌ల కలిపిండ్రు. 2015లో దానికి గ్రేటర్ వరంగల్ అని పేరు పెట్టిండ్రు. కలిపే ముందర మన వాడలకొచ్చి మిమ్ముల ఎవరన్నా అడిగిండ్రా? పంచాయతీ ఉన్నప్పుడు రిజర్వేషన్ వంతు వస్తే మన వాడనుంచి ఒకరు సర్పంచయ్యేటోళ్ళు. పెత్తనం ఇంకా పెద్దింట్లనే ఉండొచ్చు, సంతకం పెట్టే కాగితం వెనకనుంచి ఎవరో అందించొచ్చు. అయినా మనోడు పంచాయతీ ఆఫీసుల కుర్చీ ఏసుకుని కూసున్నడు. అది చూసిన పిల్లలున్నరు. వార్డుకొక మెంబరుండె. ఇప్పుడు రెండు మూడు ఊళ్ళు కలిపినా ఒక్క కార్పొరేటర్ దిక్కు.

ఇంకోటి పోయింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద ఏడాదికి 100 రోజుల పని పల్లెకే ఇచ్చిండ్రు, పట్నానికి ఇయ్యలేదు. ఊరిని కాగితం మీద పట్నం చేసిన్నాడే మన ఆడోళ్ళ చేతిల జాబు కార్డు చెల్లకుండ పోయింది. ఇంటి పన్ను పట్నం లెక్క వచ్చింది. నల్లా మాత్రం పట్నం లెక్క రాలే. మన బతుకును పట్నం చెయ్యకుండ మన ఊరినే పట్నం చేసిండ్రు. అందుకే అంటున్నం, ఆ కౌన్సిల్ హాల్లో ఎవరు కూసుంటరన్నది మన ముచ్చటే.

2020 ఆగస్టులో, మళ్ళ 2023 జూలైలో ఈ నగరం మునిగింది. నాలాలు పొంగితే ముందుగా నీళ్ళు వచ్చింది ఎవరి ఇండ్లలకు? పల్లంల గుడిసె ఏసుకున్నోళ్ళ ఇండ్లలకే. బియ్యం తడిసినయి, పిల్లల పుస్తకాలు తడిసినయి, రేషన్ కార్డులు కొట్టుకపోయినయి. నీళ్ళు దిగినంక ఆ బురద ఎత్తింది గూడ మనోళ్ళే. నాలా ఎంత వెడల్పుండాలె, ఎవరి గోడ కూలగొట్టాలె, ఎవరి గోడ జోలికి పోవద్దు అన్నది నిర్ణయమయ్యే కాడ మనోళ్ళు లేరు.

ఇగ లెక్కలకొద్దాం. మా మాటలు మరిచినా ఈ లెక్కలు యాది పెట్టుకోండి.

2016 మార్చిలో గ్రేటర్ వరంగల్‌కు మొదటి ఎన్నికలు జరిగినయి. మొత్తం 58 డివిజన్లు. టీఆర్ఎస్‌కు 44 వచ్చినయి. కాంగ్రెస్‌కు 4, బీజేపీకి 1, సీపీఎంకు 1. మరి మిగిలిన 8? ఏ జెండా లేకుండ స్వతంత్రులు గెలిచిండ్రు. అంటే ఆ కౌన్సిల్‌ల రెండో పెద్ద గుంపు ఏ పార్టీదీ కాదు, స్వతంత్రులది. కాంగ్రెస్‌కు రెండింతలు. కానీ ఎనిమిది మంది ఎనిమిది దిక్కుల నుంచి వచ్చిండ్రు. వాళ్ళను ఒక తాటి మీద నిలబెట్టే కూటమి ఎన్నికలకు ముందర లేదు.

2021 ఏప్రిల్ 30న మళ్ళ పోలింగు. కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడ్డ దినాలవి. మాస్కులు కట్టుకుని లైన్ల నిలబడ్డం. డివిజన్లు 66 అయినయి. టీఆర్ఎస్ 48, బీజేపీ 10, కాంగ్రెస్ 4, మిగతావాళ్ళంతా కలిసి 4. అయిదేండ్ల కింద 1 ఉన్న బీజేపీ 10 అయింది. స్వతంత్రులు తగ్గిపోయిండ్రు. పాలకపార్టీ మీద కోపమున్నోడు మూడో దారి కోసం చూస్తే, అక్కడ మనం కనపడలే. ఇంకొకరు కనపడ్డరు. ఈ మాట చేదుగనే ఉంటది.

66 డివిజన్లల సగం దాటాలంటే 34 కావాలె. ఏ ఒక్క పార్టీ అయినా 34 దాటినంక మూడో కూటమి ఎంత మొత్తుకున్నా లాభం లేదు, సభల లేచి మాట్లాడుడు తప్ప. ఎవరికీ 34 రాని నాడు మాత్రం అయిదుగురున్న కూటమి కూడ బేరం పెడతది. పోయిన రెండుసార్లు ఈ నగరంల ఆ పరిస్థితి రాలేదు. అబద్ధపు ఆశలు చెప్పేటందుకు మేము రాలేదు.

మేయర్‌ను ఎట్ల ఎన్నుకుంటరో కూడ తెలవాలె. ఒకప్పుడు మేయర్‌కు జనమే నేరుగ ఓటేసేది. 2002లో హైదరాబాద్‌ల తెలుగుదేశం మేయర్ అట్లనే గెలిచిండు. ఆ పద్ధతిల మూడో పార్టీకి చోటు తక్కువ, డబ్బున్న రెండు పార్టీల నడుమనే కుస్తీ. తరువాత పద్ధతి మారింది. కార్పొరేటర్లు చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటరు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడ ఎక్స్ అఫీషియో అని వచ్చి చెయ్యెత్తుతరు. వాళ్ళ చెయ్యి ఎంత పని చేస్తదో 2020 జనవరిలో తుక్కుగూడ మున్సిపాలిటీల చూసినం. 15 వార్డులల బీజేపీ 9 గెలిచింది. చైర్మన్ కుర్చీ మాత్రం దానికి దక్కలే, ఎక్స్ అఫీషియో ఓట్లు తిప్పేసినయి. ఆ పార్టీ మీద మాకు ప్రేమేం లేదు. అయినా వార్డు ఓటరు వేసిన ఓటును పైనుంచి వచ్చిన చెయ్యి కొట్టేసింది గదా, రేపు మనకూ అదే చేస్తరు.

మరి మూడో పార్టీ నిలబడి లెక్క తిప్పిన చోటు ఏదీ అంటే, దూరం పోవద్దు, హైదరాబాదే. 2009లో గ్రేటర్ హైదరాబాద్‌ల 150 డివిజన్లు. కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43. ఎవరికీ సగం రాలేదు. కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం చేసుకుని మేయర్ కుర్చీని వంతులేసుకున్నరు. ముందు బండ కార్తీకరెడ్డి, 2012 నుంచి మాజిద్ హుస్సేన్. 2020 డిసెంబర్‌ల టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. 2021 ఫిబ్రవరిలో మజ్లిస్ కూడ చెయ్యెత్తింది, టీఆర్ఎస్ మేయర్ కూసున్నది.

దీంట్ల ఒక మర్మమున్నది. ఆ 2020 ఎన్నికల్ల మజ్లిస్ 150 చోట్ల పోటీ చెయ్యలే. 51 చోట్లనే చేసింది, 44 గెలిచింది. తన బస్తీ ఏది, తన ఓటు ఎక్కడున్నది అని ఎరిగి నిలబడ్డది. మనమేం చేస్తున్నం? 1994లో బహుజన సమాజ్ పార్టీ ఈ రాష్ట్రంల పోటీ చేసింది. అంతకు ముందే, 1993 డిసెంబర్‌ల, ఉత్తరప్రదేశ్‌ల మాన్యశ్రీ కాన్షీరాం, ములాయంసింగ్ కలిసి గవర్నమెంట్ పెట్టిండ్రు. ఆ గాలికి మన యువకులు సైకిళ్ళ మీద నీలి జెండాలు కట్టుకుని ఊరూరు తిరిగిండ్రు. రాష్ట్రమంతా నిలబడ్డం, ఒక్క సీటు రాలేదు. 2018 జనవరిలో సీపీఎంతో కలిసి 28 పార్టీలు బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పెట్టినయి. ఎర్రజెండా, నీలిజెండా ఒకే వేదిక మీదికి వచ్చినయంటే మాకు సంబురమే అయింది. ఆ ఏడాది ఎన్నికల్ల మళ్ళ రాష్ట్రమంతా నిలబడ్డరు. మళ్ళ సున్నా. 28 పార్టీల నాయకులు హైదరాబాద్‌ల ఒక వేదిక మీద చేతులు కలిపి ఫోటో దిగిండ్రు గానీ, ఇక్కడ మాలవాడ, మాదిగవాడ, తురక బస్తీ ఒక చెట్టు కింద కూసోలేదు. కూటమి మీదనుంచి కిందికి దిగింది. పాదులేని తీగ అది.

నడుమ 2009లో సామాజిక న్యాయం అని ఇంకో పెద్ద పార్టీ కూడ వచ్చింది. ప్రజారాజ్యం. 18 సీట్లు గెలిచింది. 2011లో మొత్తం మూట కట్టి కాంగ్రెస్‌ల కలిపిండ్రు. ఎవరినడిగి కలిపిండ్రు? ఓటేసిన బీసీనా, ఎస్సీనా? దాని గురించి ఇంతకన్న చెప్పాల్సింది లేదు.

మన తెలంగాణల పాత ముచ్చట ఒకటి యువకులకు తెలవదు. 1952లో కరీంనగర్ లోక్‌సభకు ఇద్దరు సభ్యులుండె. పీడీఎఫ్ నుంచి బద్దం ఎల్లారెడ్డి, బాబాసాహెబ్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్.కృష్ణ గెలిచిండ్రు. ఇద్దరిల ఎవరూ కాంగ్రెస్ కాదు. అదే ఏడాది వరంగల్‌ల పీడీఎఫ్ తరపున పెండ్యాల రాఘవరావు గెలిచిండు. రజాకార్ల కాలం పోయి నాలుగేండ్లే అయింది. అట్లాంటి రోజుల్ల కూడ జనం మూడో దారిని కనిపెట్టిండ్రు.

హైదరాబాద్‌ల 1986 నాటి ముచ్చట కూడ చెప్పాలె. అప్పుడు మజ్లిస్, కాంగ్రెస్ మద్దతుతోని కార్పొరేషన్‌ను పట్టింది. కె.ప్రకాశరావు అనే దళితుడిని మేయర్ చేసింది. తరువాత కూడ ఆ పార్టీ నుంచి దళితులు మేయర్ కుర్చీల కూసున్నరు. అప్పటిదాకా దళితుల ఓట్ల మీద బతికిన పార్టీలు ఇయ్యనిది ఒక ముస్లిం పార్టీ ఇచ్చింది. దీన్ని మేము తక్కువ చెయ్యం. కానీ ఇచ్చినోడు ఇచ్చిన కుర్చీ అది, మనం గెలుచుకున్న కుర్చీ కాదు. పైగా కార్పొరేషన్ చట్టంల అసలు అధికారం చానావరకు కమిషనర్ చేతిల ఉంటది. మేయర్ మెడల బంగారు బిళ్ళ ఏలాడుతది, ఫైలు కమిషనర్ బల్ల మీద ఉంటది. మనోడు మేయరైతే చాలని దండలేసి ఇంటికి పోతే, సఫాయి పని చేసే అక్క జీతం మాత్రం కాంట్రాక్టర్ జేబుల నుంచే రావాలె.

రిజర్వుడు డివిజన్ ముచ్చట కూడ ఇట్లనే ఉన్నది. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకొచ్చినంక మనకు డివిజన్లు రిజర్వయినయి. మంచిదే. కానీ 1932లో పూనా ఒప్పందం కాడ బాబాసాహెబ్‌ను ఏ మూలకు నెట్టిండ్రో మనం మరువొద్దు. మనిషి మనోడు, గెలిపించే ఓటు అందరిది, బీ-ఫారం ఇచ్చేది పెద్దింటోడు. బీ-ఫారం ఇచ్చినోడు విప్ కూడ ఇస్తడు. మేయర్ ఎన్నిక నాడు విప్ దాటితే పదవి పోతది. అందుకే గెలిచిన మనోడు క్యాంపు బస్సెక్కి ఏ రిసార్టుకో పోతడు, వచ్చి చెప్పిన కాడ చెయ్యెత్తుతడు. అతన్ని తిట్టి లాభం లేదు. అతనికి బీ-ఫారం మనం ఇయ్యలేదు గదా.

ఇప్పుడు మా తప్పు మేమే చెప్పుకుంటం. 2021లో ఒక డివిజన్‌ల మేము ఒక సఫాయి కార్మికురాలి బిడ్డను నిలబెట్టినం. డిగ్రీ చదివిన పిల్ల. అదే వాడల ఇంకో సంఘం వాళ్ళు వాళ్ళ మనిషిని నిలబెట్టిండ్రు. పక్క బస్తీల ముస్లిం యువకులు ఒకరిని నిలబెట్టిండ్రు. నామినేషన్లు వాపసు తీసుకునే ముందు రోజు రాత్రి ముగ్గురం ఒక ఇంట్ల కూసున్నం. చాయ్ మూడుసార్లు తాగినం. ముందు ఎవరు వాపసు తీసుకోవాలె అన్న ఒక్క మాట దగ్గర తెల్లారింది. ఎవరూ తీసుకోలే. మేమూ తీసుకోలే. మా పిల్లనే అందరికన్న అర్హురాలని మేము పట్టు పట్టినం, ఆ మాట నిజమే కూడ. నిజమైన మాట మీద పట్టు పట్టి ఓడినం. ఓట్లు లెక్క పెట్టిన నాడు ఆ పిల్ల మా మొకం చూడలేదు. ఆ తరువాత ఒక్క మీటింగుకు కూడ రాలేదు. ఇయ్యాల ఈ కూటానికి వచ్చింది, వెనక కూసున్నది. అందుకే ఇంత వివరంగ చెప్తున్నం.

మాల, మాదిగ అన్న ముచ్చట దాచితే దాగదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోరా మొదలయింది. దాన్ని ముందుకు నడిపిన మంద కృష్ణ మన వరంగల్ మనిషి. తమ వాటా తమకు కావాలన్న మాట న్యాయమైంది. 30 ఏండ్లకు, 2024 ఆగస్టు 1న, సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చని తీర్పు చెప్పింది. 2025లో తెలంగాణల అది చట్టమై అమలుకొచ్చింది. వాటా అన్నది అన్నదమ్ములు పంచుకునేది. పంపకం అయినంక కూడ పొలం గట్టు మీద కర్రలు పట్టుకుని నిలబడితే, నవ్వేటోడు గడీల ఉంటడు. వాటా వద్దన్నోళ్ళ మనసుల మంట, వాటా కోసం 30 ఏండ్లు తిరిగినోళ్ళ మనసుల మంట రెండూ మాకు తెలుసు. ఎన్నికల నాడు మాత్రం రెండు వాడలు ఒక డబ్బా కాడికి పోవాలె.

అందుకని మా ఆలోచన ఇది. ఎన్నిక ఎప్పుడొచ్చినా సరే, 66 చోట్ల నిలబడే కూటమి మనకొద్దు. దళితులు, ముస్లింలు, బీసీ చేతివృత్తులోళ్ళు కలిస్తే సగం దాటే డివిజన్లు ఏవో లెక్క తియ్యాలె. అవి పది ఉంటే పదింట్లనే నిలబడాలె. ఒక్కో డివిజన్‌ల ఎవరు నిలబడాలన్నది ఆ డివిజన్ వాడల పెద్దలు, ఆడోళ్ళు కూసుని తేల్చాలె. మా అసొంటి నాయకులు బయట నిలబడాలె. ఓడినోళ్ళు తరువాతి ఎన్నికల ముందుండాలని ఆనాడే కాగితం మీద రాసుకోవాలె. గెలిచినోళ్ళు ఎవరికి చెయ్యెత్తాలన్నది కూడ వాడలనే తేలాలె, రిసార్టుల కాదు. బేరం పెట్టే రోజు వస్తే కుర్చీ అడగొద్దు. కలిపిన ఊళ్ళల కూలోళ్ళకు కార్పొరేషన్ పైసలతోని పని అడగాలె. సఫాయి కార్మికులకు కాంట్రాక్టర్ లేకుండ నేరుగ జీతం అడగాలె. నాలా కాడ ఇండ్లు పోయినోళ్ళకు వాళ్ళ వాడ దగ్గరనే జాగ అడగాలె, పది మైళ్ళ అవతల కాదు. ఈ మూడు కాగితం మీద సంతకమయ్యేదాకా మన చెయ్యి లేవొద్దు.

అన్నం తయారైందని చెప్తున్నరు. తిన్నంక డివిజన్ల వారీగ కూసుందాం. మడికొండోళ్ళు ఆ వేపచెట్టు కింద, హసన్‌పర్తోళ్ళు వరండల. ఓటర్ల జాబితా తెచ్చినోళ్ళు బయటికి తియ్యండి, తేనోళ్ళు పక్కూరోళ్ళది చూసి రాసుకోండి. ఇందాక చెప్పిన డివిజన్ లెక్క మాత్రం ఆ వెనక కూసున్న పిల్ల రాస్తది. మేము అడిగినం, సరే అన్నది.