కంపోస్టు టీ: తయారుచేయుట, వడియగట్టుట, పరీక్షించుట
(గచ్చిబౌలి పరిసరముల రైతులకు చేసిన ప్రసంగము)



గచ్చిబౌలి యను పేరులోనే బావి యున్నది. నేడిచ్చట మోటల చప్పుడు లేదు. రాతిగుట్టల నడుమ లేచిన మేడలును, వాని మిద్దెలపై కుండీలలో పెంచు కూరమొక్కలును కనబడుచున్నవి. నగరమునకు వెలుపల ఇంకను ఎఱ్ఱ చెలకలు నిలుపుకొన్న మీవంటి పట్టాదారులు పాలకూర, కొత్తిమీర, పుదీన పండించి ఈ మేడలవారికే పంపుచున్నారు. మిద్దెతోటవారును, మీరును కూడ కంపోస్టు టీని గూర్చి అడుగుచున్నందున, దానివలన కలుగు ఫలమెంతయో, అందు పొంచియున్న కీడెట్టిదో నేడు విన్నవించెదను.

బాగుగా మాగిన కంపోస్టును గుడ్డసంచిలో కట్టి, నీటిలో వ్రేలాడదీసి, ఒక దినము గాలి యెక్కించి తీసిన నీరే యిది. టీ యన్నంత మాత్రమున పొయ్యిపై పెట్టరాదు. వేడిచేసినచో మనము కోరు సూక్ష్మజీవులే చచ్చును. ఊహ క్రొత్తది కాదు. సురపాలుని వృక్షాయుర్వేదమున కుణపజలమను ద్రవపు ఎరువు చెప్పబడినది. ఆ గ్రంథమును ఆంగ్లానువాదముతో 1996లో సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు ప్రకటించిరి. నేడు మన పల్లెలలో కలుపు జీవామృతమును దీనికి దాయాదియే.

ముందుగా ఒక లెక్క చూడుడు. కంపోస్టులో నూటికి ఒక పాలు నత్రజని యున్నదనుకొన్నచో, కిలో కంపోస్టులో నుండునది 10 గ్రాములు. అది యంతయు 20 లీటర్ల నీటిలోనికి దిగినను 22 గ్రాముల యూరియాతో సమానము. నిజమునకు అందు పెక్కు భాగము సంచిలోనే మిగిలిపోవును. కావున పెంట తోలుట మాని ఈ నీరు చల్లిన చాలునని చెప్పువారి మాట నమ్మవలదు. దీని మేలు సూక్ష్మజీవులవలనను, కరగిన కొద్దిపాటి సారమువలనను కలుగవలసినదే. తెగుళ్ల విషయమున కొన్ని పరీక్షలలో గుణము కనబడినది, కొన్నింట ఏమియు కనబడలేదు.

టీ మంచిచెడ్డలు కంపోస్టుకుప్పలోనే నిర్ణయమగును. ఇందూరు సంస్థానమున ఆల్బర్టు హోవర్డు, యశ్వంత వాడ్ అను వారు చెత్త, పేడ, మూత్రము, మన్ను పొరలుగా వేసి తిరుగవేయు పద్ధతిని రూపొందించి 1931లో గ్రంథముగా ప్రకటించిరి. కుప్ప లోపల వేడి పుట్టుటయే అందలి ప్రాణము. 55 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని వేడి 15 దినములు నిలిచి, ఆ నడుమ 5 మార్లు తిరుగవేసినచో రోగక్రిములును, కలుపు విత్తులును చాలవరకు నశించును. వేడి కొలుచు సాధనము లేనివారు గడ్డపారను కుప్పలో గ్రుచ్చి కొంతసేపుంచి తీయుడు. చేతితో పట్టుకొననీయనంత కాలినచో కుప్ప పనిచేయుచున్నదన్నమాట. వానపాముల ఎరువు మంచిదే గాని, అది ఈ వేడిని చూచినది కాదని మరువవలదు.

ఎరువు మాగినదో లేదో మెంతులే చెప్పును. కంపోస్టు నానిన నీటితో ఒక గిన్నెలోని గుడ్డను, మంచినీటితో మరియొక గిన్నెలోని గుడ్డను తడిపి, ఇరువది చొప్పున మెంతులు చల్లుడు. మొదటి గిన్నెలో మొలకలు తక్కువైనను, వేళ్లు పొట్టివైనను ఆ కుప్పను ఇంకను మాగనిండు.

నగరపు కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును. క్రిములను చంపుటకే దానిని కలుపుదురు గనుక మన పనికి అది శత్రువు. వెడల్పు తొట్టిలో ఒక దినము ఎండలో నుంచిన చాలవరకు పోవును. బోరునీటికి ఈ బాధ లేదు.

20 లీటర్ల నీటికి ఒక కిలో కంపోస్టు చాలును. చేపలతొట్టెలకు వాడు చిన్న గాలిపంపు గొట్టమును తొట్టి అడుగునకు దింపి, పైనీరు కళపెళ తెరలునట్లు గాలి పంపవలెను. మన ఎండల కిచ్చట జాగ్రత్త యవసరము. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. 35 డిగ్రీలలో అది 7 మాత్రమే. టీలో 5 లేక 6కు తగ్గరాదు. అనగా వేసవిలో మనకు మిగులు జాగా మిక్కిలి స్వల్పము. ఆ కాలమున నీడపట్టున పెట్టి, కంపోస్టును అరకిలోకు తగ్గించుడు. కరెంటు పోయి పంపు కొన్ని గంటలు నిలిచినచో ఆ నీటిని కూరమొక్కలకు వాడక, చెట్ల మొదళ్లకు పోసివేయుట మేలు.

24 గంటల పిదప సంచి తీసి, నీటిని దోమతెర గుడ్డలో వడియగట్టుడు. పిచికారీకైనచో పలుచని పాత పంచెను రెండవసారి వాడవచ్చును. మరీ దట్టపు గుడ్డ వలదు, అందు శిలీంధ్రపు పోగులు నిలిచిపోవును. పురుగుమందు కొట్టిన పంపును ఎంత కడిగినను ఈ పనికి తేవలదు. సంచిలోని పిప్పిని పాదులలో వేయుడు. గాలి ఆపిన నాలుగైదు గంటలలోనే టీని వాడవలెను. సీసాలలో నిలువచేసి అమ్మునది టీ కాదు.

మొదటి పరీక్ష ముక్కుది. తొలకరి మట్టివాసన వచ్చిన మంచిది. మురుగువాసన వచ్చిన పారబోయుడు. అయితే ముక్కు పట్టలేని దోషమొకటి కలదు, నేను ముఖ్యముగా చెప్పవచ్చినదదియే. సూక్ష్మజీవులు పెరుగునని బెల్లము కలుపుట వాడుక. బెల్లము తిని పెరుగునవి మేలు చేయునవి మాత్రమే కావు. 2004లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు బెల్లపుమడ్డి కలుపని టీలో సాల్మొనెల్లా క్రిమి పెరుగలేదనియు, నూటికి ఒక పాలు కలిపిన కోడిపెంట టీలో ఒక మిల్లీలీటరుకు ఒకటిగా నున్నది 72 గంటలలో 3,50,000 దాటినదనియు కనుగొనిరి. జీవామృతములో 200 లీటర్లకు 2 కిలోల బెల్లము వేయుచున్నాము. అదియు నూటికి ఒక పాలే, పైగా అందలి పేడ పచ్చిది.

ఆ యేటనే అమెరికా సేంద్రియ ప్రమాణముల మండలి నియమించిన సంఘము, తీపి మొదలగునవి కలిపిన టీలో 100 మిల్లీలీటర్లకు ఇ.కోలై 126కు మించరాదని సూచించెను. ఈ పరీక్ష ప్రయోగశాలలోనే జరుగవలెను. అది చేయించనిచో పచ్చిపేడకు చెప్పిన గడువే పాటించవలెను: తినుభాగము మన్నంటు పంటకు కోతకు ముందు 120 దినములు, అంటనిదానికి 90. కొత్తిమీర నెలన్నరలో కోతకు వచ్చును. గడువు పాటించుటెట్లు? కనుక నా మాట యిది: బెల్లము మానుడు. పచ్చిగా తిను కొత్తిమీర, పుదీన, ఉల్లికాడలపై టీగాని జీవామృతముగాని చల్లవలదు. వంగ, బెండ, బీర, మల్లె, మామిడి మొదళ్లకు, ఒక పాలు టీకి నాలుగు పాళ్ల నీరు కలిపి సాయంకాలము పోయుడు.

ఫలమును మీ మడిలోనే చూచుకొనుడు. మూడు వంగసాళ్లు తీసి, ఒకదానికి వట్టి నీరు, రెండవదానికి టీ, మూడవదానికి ఆ టీకి పట్టినంత కంపోస్టునే పొడిగా వేసి నీరు పెట్టుడు. మూడవ సాలును విడువవలదు. టీ గెలిచినదా, ఎరువు గెలిచినదా అన్నది అదియే తేల్చును. ప్రతి కోతను సాలువారీగా తూచి, తారీఖుతో వ్రాసి, వచ్చునప్పుడు ఆ కాగితము తీసికొనిరండు.