క్వింటాళ్లు, కత్తులు, ఫీట్

ఆర్మూర్ పసుపు రైతు నోట క్వింటాల్ క్వింటాళ్లవుతుంది. వేలు వేళ్లయిన దారే అది, పరాయి మాటకూ మన నియమమే. మరి ఇంగ్లిష్ ఫుట్ ఎందుకు ఫీట్ అవుతుంది? పూర్వం దాని బహువచన ప్రత్యయంలో 'ఇ' ధ్వని ఉండేది. అది ముందున్న అచ్చును తనవైపు లాగి, తాను రాలిపోయింది. ఆ అచ్చు మారడం, మన కత్తి 'లు' చేరగానే కత్తులైనట్టే. ఈ కారణం చెబితే పిల్లలకు బట్టీ బాధ తప్పుతుంది, టీచర్లు తప్పక చెప్పాలి.

బహువచనంలోనే కాదు, లింగాల్లోనూ ఈ రెండు భాషలకు పోలిక ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో మూడు లింగాలుండేవి. స్త్రీని చెప్పే 'వీఫ్' అనే మాట నపుంసకం! మన తెలుగులోనూ ఏకవచనంలో ఆమె 'వచ్చింది', ఎద్దూ 'వచ్చింది'. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి 'వచ్చారు', ఎద్దులు 'వచ్చాయి'.