ఇసుకదొందు

నేడు మీకు మనవి చేయబోవునది మిక్కిలి చిన్న ప్రాణిని గూర్చి. గవర్నరుపేటకు చేరువనున్న బందరు, రైవసు, ఏలూరు కాలువలలో నీరు తగ్గినప్పుడు అడుగున నిసుకనంటి కదలక యుండు చేపను మీరు చూచియే యుందురు. దానినే మనవారు ఇసుకదొందు అందురు. 1822లో హామిల్టను అను వైద్యుడు గంగానది చేపలను వర్ణించిన గ్రంథమున దీనిని శాస్త్రజ్ఞులకు ఎరుకపరచెను. ఇది గోబీ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమున రెండువేలకు పైగా జాతులు గలవు.

దీని పొట్టక్రింది రెక్కలు రెండును కలిసి చిన్న గిన్నెవలె నుండును. దానితో నడుగును అదిమిపట్టి ప్రవాహమునకు కొట్టుకొనిపోక నిలుచును. హవాయి దీవులలో దీని బంధువులు ఆ గిన్నె బలముననే నిలువు జలపాతముల తడిరాళ్లను ప్రాకి ఎగువ వాగులు చేరును. వాని పిల్లలు పుట్టగనే సముద్రమునకు పోయి, నెలలతరబడి అచట పెరిగి, మరల ఏరులకు వచ్చును. 1828 మొదలు యానాము నుండి మన తెలుగు కూలీలు పోయిన రియూనియను దీవిలో, ఇట్లు వచ్చు పిల్లలను నదీముఖములయందే మితిమీరి పట్టుటచేత వాని రాక క్షీణించినది.

మన ఇసుకదొందు కొండలెక్కదు. మంచినీటను, ఉప్పుటేళ్లలోను బ్రదుకును. 1855లో పూర్తియైన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశము బ్యారేజియు మనకు అన్నము పెట్టినవి; కాదనుట కృతఘ్నత. కాని నదికి అడ్డుపడిన పిదప డెల్టాలో నిట్టి చేపలకు కాలువలును, మురుగుకోడులును, చెరువులును ముఖ్యమైన నెలవులైనవి.

ఆ నెలవులకు ముప్పు వేసవిలో వచ్చును. కాలువ కట్టినప్పుడు మడుగులలో మిగిలిన చేపలకై కొందరు విషము కలుపుదురు. గోబీ కుటుంబమున సాధారణముగా మగచేపయే రాతిక్రిందనో, పెంకుక్రిందనో నున్న గ్రుడ్లకు కావలి కాయును. విషము కలిపినచో తండ్రియు, సంతతియు ఒక్కసారిగా నశించును. ఆ నీరు త్రాగు పశువులకును కీడే. ఈ పనిని 1897 నాటి మత్స్యచట్టమే నేరముగా నెంచినది.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము ఒక్కటే. వేసవిలో కాలువకు ఒక లోతైన మడుగునైనను వల వేయక, మందు కలుపక విడిచిపెట్టింపుడు. విత్తనమునకై గాదెలో గింజలు దాచుట మీకు క్రొత్తగాదు, ఇదియు నట్టిదే. తొలకరి నీటితో ఆ మడుగే కాలువకు మరల చేపలనిచ్చును.