అస్వస్థత: ఒక లాటిను మాట



నేడు మీకొక లాటిను మాటను గూర్చి విన్నవించెదను. ఆ భాషలో 'సానితాస్' అనగా ఆరోగ్యము. దానికి నిషేధార్థకమగు 'ఇన్' చేరగా 'ఇన్సానితాస్', అనగా అస్వస్థత, అయినది.

క్రీస్తు పూర్వము 45వ సంవత్సరమున రోము నగరపు వక్త సిసెరో తన కుమార్తె తుల్లియాను పోగొట్టుకొనెను. ఆ దుఃఖకాలమున వ్రాసిన గ్రంథమందే ఈ మాటను విచారించెను. శోకముచేతను, క్రోధముచేతను, దురాశచేతను కలతపడిన మనస్సు రోగియేయని యాతని మతము. అయినను ఉన్మాదము వేఱనెను. రోమనుల పండ్రెండు ఫలకముల శాసనము ఉన్మత్తునికే ఆస్తిపై నధికారము తొలగించినది గాని అస్వస్థచిత్తునికి గాదని చూపెను.

ఇంగ్లీషు 'ఇన్సేన్' ఈ మాటకు జ్ఞాతియే. కాని దానియందు పిచ్చి యను నర్థమే మిగిలినది. మన 'అస్వస్థత' యందు ఆ విశాలార్థ మింకను నిలిచియున్నది. స్వస్థుడనగా తనయందు తాను నిలిచినవాడు గదా!

కావున పెద్దలకు నా విన్నపము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి పరధ్యానముగా నున్నచో పిచ్చిదని ముద్రవేయకుడు. ఆ నెపమున నామె భూమికి చేయి చాపువారిని వారింపుడు. జ్వరపడినవారికి వలెనే ఉపచరింపుడు; తగ్గనిచో వైద్యునికి చూపుడు. ఆమె అస్వస్థురాలు మాత్రమే.