అక్రమ కట్టడం: దావా ఖర్చు ఎవరిది?

పక్కింటాయన ప్లాను మీరి అంతస్తు లేపాడు. మీరు కోర్టుకెళ్లి గెలిచారు. మరి మీ వకీలు ఫీజు ఎవరు కట్టాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఓడినవారే. అలా ఇప్పించకపోతే జడ్జి కారణం రాయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ తీర్పులో ‘ఖర్చులతో సహా’ అని ఉన్నా, చేతికొచ్చేది కోర్టు ఫీజు, నిబంధనల లెక్కన కట్టిన లాయరు ఫీజు; జేబులోంచి పోయినదానిలో తరచూ అది చిన్న ముక్కే. అబద్ధపు వాదనతో వేధించినందుకు 35ఏ కింద ఇచ్చే పరిహారానికైతే 3,000 రూపాయలే గరిష్ఠం!

నోయిడాలోని సూపర్‌టెక్ జంట టవర్ల కథ వేరు. నిబంధనలకు విరుద్ధంగా కట్టారని అక్కడి నివాసుల సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చివేతకు ఆదేశిస్తూ, ఆ ఖర్చు బిల్డరే భరించాలంది. అక్కడితో ఆగలేదు, సంఘానికి వ్యాజ్యం ఖర్చుల కింద 2 కోట్ల రూపాయలు చెల్లించమంది. మరుసటి ఏడాది ఆగస్టు 28న టవర్లు నేలకూలాయి.

ఇంత మొత్తం అరుదు, ఆశపడకండి. రసీదులు మాత్రం మొదటి రోజు నుంచే దాచుకోండి. ఫీజు అందినట్టు లాయరు ఇచ్చే ఫీజు సర్టిఫికెట్టును గడువులోగా దాఖలు చేశారా అని మీ వకీలును అడగండి.